నాలుగు వందల మంది క్లాసులో నేనెవరో ఎవరికీ తెలియదు

ప్రశ్న: ఒక పెద్ద ప్రభుత్వ పరిశోధనా విశ్వవిద్యాలయంలో బయాలజీ రెండో ఏడు చదువుతున్న విద్యార్థిని ఈ ఉత్తరం రాశారు. పేరు వద్దన్నారు. స్కూల్లో జీవశాస్త్రంలో ఎప్పుడూ మొదటి స్థానం తనదే. ఇక్కడ జెనెటిక్స్ క్లాసులో 420 మంది. మొదటి మిడ్‌టర్మ్‌లో 100కి 46 వచ్చాయి, క్లాసు సగటు 61. స్లైడ్లన్నీ నాలుగుసార్లు చదివారట, రంగు పెన్నులతో నోట్సు తయారు చేసుకున్నారట. తీరా ప్రశ్నపత్రం చూస్తే చదివినదేదీ అందులో లేనట్టు అనిపించిందట. కోర్సు నుంచి తప్పుకోవడానికి ఇంకా రెండు వారాల గడువుంది. మరోపక్క పరిశోధన చేయాలని ఆశ. 34 మంది ప్రొఫెసర్లకు ఒకే ఈమెయిల్ పంపితే ఇద్దరే జవాబిచ్చారు. ఒకరు ఖాళీ లేదన్నారు. ఇంకొకరు తమ ల్యాబ్‌లో గాజుసామాను కడగడానికి, మీడియా (సూక్ష్మజీవులను పెంచే పోషక పదార్థం) తయారు చేయడానికి వారానికి ఆరు గంటల పని ఉందన్నారు. చిన్న కాలేజీలో చేరిన స్నేహితురాలిని అక్కడి అధ్యాపకులంతా పేరుపెట్టి పిలుస్తారట. "ఇక్కడ నేనొక రోల్ నంబరును. రేపు నాకు సిఫారసు లేఖ ఎవరు రాస్తారు? జెనెటిక్స్ వదిలేయనా, ఆ సీసాలు కడిగే పని ఒప్పుకోనా, లేక కాలేజీయే మారిపోనా?" అని అడుగుతున్నారు.

జవాబు: మీరు అడిగినవి మూడు ప్రశ్నలు. వాటి వెనకున్న ఇబ్బందులు మాత్రం రెండే. మీ చదువు తీరు ఈ పరీక్షలకు సరిపోవడం లేదు. ఇక్కడ మిమ్మల్ని ఎరిగినవాళ్లు లేరు. ఈ రెండూ కలగలిసి "నేను ఇక్కడికి తగను" అనే ఒకే భయంగా మారాయి. విడదీసి చూడండి. మొదటిది ఈ సెమిస్టర్‌లోనే సర్దుకోగలిగినది. రెండోదానికి ఏడాది పడుతుంది. కాలేజీ మారితే రెండోది కొంత తేలిక కావచ్చు గానీ మొదటిది మీ వెంటే వస్తుంది. జెనెటిక్స్ లెక్క ఎక్కడైనా ఒకటే.

ముందు మీ జవాబుపత్రం తీసుకుని కూర్చోండి. పోయిన 54 మార్కులనూ మూడు కుప్పలుగా వేయండి: అసలు తెలియనివి, తెలిసీ వాడలేకపోయినవి, ప్రశ్న తప్పు చదవడం వల్లనో కూడిక తప్పడం వల్లనో పోయినవి. మీరు రాసిన దాన్నిబట్టి రెండో కుప్పే పెద్దదని నా అంచనా. ఎందుకో చెబుతాను.

మెసెల్సన్, స్టాల్ 1958లో ప్రచురించిన ప్రయోగం మీ స్లైడ్లలో ఉండే ఉంటుంది. బరువైన నైట్రోజన్-15లో పెంచిన బ్యాక్టీరియాను మామూలు నైట్రోజన్-14లోకి మార్చి, తరం తరానికీ డీఎన్ఏ తీసి, సీజియం క్లోరైడ్ ద్రావణంలో వేసి సెంట్రిఫ్యూజ్‌లో తిప్పి, పట్టీలు ఎక్కడ నిలుస్తాయో చూశారు. డీఎన్ఏ ప్రతికృతి అర్ధ సంరక్షకం, అంటే ప్రతి కొత్త అణువులో ఒక పాత పోచ, ఒక కొత్త పోచ ఉంటాయని స్లైడు చెబుతుంది, మీరు గుర్తుపెట్టుకున్నారు. పరీక్షలో అడిగేది వేరు: మూడో తరం తర్వాత ఏ పట్టీలు, ఏ నిష్పత్తిలో? ఒక్క అణువుతో మొదలుపెట్టి పోచలు గీసుకుంటూ పోతే ఎనిమిది అణువులు వస్తాయి. బరువైన పాత పోచలు రెండే కాబట్టి రెండు అణువులు మధ్యరకం, మిగతా ఆరు తేలికవి. అంటే పావు వంతు, ముప్పావు వంతు. నాలుగుసార్లు చదివినా పెన్ను పట్టి ఒక్కసారీ గీయకపోతే ఈ జవాబు రాదు.

మూడు జన్యువుల పరీక్షా సంకరణం (సంతానంలోని రకాలను లెక్కబెట్టి క్రోమోజోము మీద జన్యువుల వరస, దూరాలు కనుక్కోవడం) ఇంకా మంచి ఉదాహరణ, ఎందుకంటే చాలామంది మార్కులు పోగొట్టుకునేది ఇక్కడే. 1000 సంతానంలో ఎనిమిది రకాలు కనిపిస్తాయి. అన్నిటికన్నా ఎక్కువున్న రెండు రకాలు తల్లిదండ్రుల అమరిక. అన్నిటికన్నా తక్కువున్న రెండూ డబుల్ క్రాసోవర్లు, అంటే జత క్రోమోజోములు రెండు చోట్ల ముక్కలు మార్చుకున్నవి. ఈ రెండు జతలనూ పక్కపక్కన రాసి, ఏ జన్యువు ఒక్కటే అటూ ఇటూ మారిందో చూస్తే మధ్యలో ఉన్నది అదే. ఈ మెట్టు దాటకుండా దూరాలు లెక్కపెట్టడం మొదటి తప్పు. ఇప్పుడు తల్లిదండ్రుల రకాలు 814, మొదటి విరామంలో (మొదటి, మధ్య జన్యువుల నడుమ) క్రాసోవర్లు 100, రెండో విరామంలో 80, డబుల్స్ 6 అనుకుందాం. దూరాలు 10, 8 అని రాస్తే తప్పు. డబుల్ క్రాసోవర్ అంటే రెండు చోట్లా తెగి అతుక్కున్నదే కాబట్టి ఆ 6ను రెండు విరామాలకూ కలపాలి: 10.6, 8.6 మ్యాప్ యూనిట్లు (నూటికి ఒకదానిలో అమరిక మారితే ఒక యూనిట్). చివరి రెండు జన్యువుల మధ్య దూరం 19.2. మధ్య జన్యువును పట్టించుకోకుండా చివరి రెండింటినే చూస్తే 180 రీకాంబినెంట్లే (అమరిక మారినవే) లెక్కకు వచ్చి 18 దగ్గర ఆగిపోతారు. డబుల్స్‌లో చివరి జన్యువులు మళ్లీ పాత జతలోకే వచ్చేస్తాయి కనుక అవి కంటికి ఆనవు. ఎందుకు ఆనవో మీ మాటల్లో చెప్పగలిగితే ఈ రకం ప్రశ్న ఎలా తిప్పి అడిగినా మీకు భయం లేదు.

లాక్ ఓపెరాన్ (బ్యాక్టీరియాలో లాక్టోజ్ చక్కెరను వాడుకునే జన్యువుల గుంపు) కూడా ఇంతే. క్రోమోజోము మీద ఆపరేటర్ (ఆ జన్యువులను ఆపే రిప్రెసర్ ప్రోటీన్ అతుక్కునే చోటు) చెడింది, ప్లాస్మిడ్ (విడిగా ఉండే చిన్న డీఎన్ఏ వలయం) మీద బాగుంది, ఎంజైమ్ ఎప్పుడూ తయారవుతుందా అని అడిగితే, చెడిన ఆపరేటర్ పక్కనున్న ఎంజైమ్ జన్యువు పనిచేసేదా కాదా అని ముందు చూడాలి. ఆపరేటర్ తానున్న డీఎన్ఏనే శాసిస్తుంది. రిప్రెసర్ ప్రోటీన్ కనుక కణమంతా తిరిగి రెండింటి మీదా పనిచేస్తుంది.

మళ్లీ మళ్లీ చదివితే పాఠం పరిచయమైనదిగా అనిపిస్తుంది, ఆ పరిచయాన్నే మనం తెలివిడి అనుకుంటాం. రోడిగర్, కార్పికె 2006లో విద్యార్థులతో చేసిన ప్రయోగంలో ఇది స్పష్టంగా బయటపడింది. అయిదు నిమిషాల తర్వాత అడిగితే మళ్లీ చదివినవాళ్లదే పైచేయి. వారం తర్వాత అడిగితే, చదివింది మూసేసి గుర్తుచేసుకుని రాసినవాళ్లు ముందున్నారు. మీ మిడ్‌టర్మ్ అయిదు నిమిషాల్లో జరిగేది కాదు. అందుకని వచ్చే మూడు వారాలూ స్లైడ్లను ఒక్కసారికి మించి చదవకండి. క్లాసు అయిన రోజే తెల్లకాగితం మీద ఆ పాఠం ఏమీ చూడకుండా బొమ్మలతో రాయండి, ఆ తర్వాతే స్లైడు తెరిచి ఖాళీలు ఎర్రగా నింపండి. మిగతా సమయమంతా లెక్కలకే. ఒక్కో లెక్క మీద కనీసం పావుగంట తంటాలు పడకుండా జవాబు చూడొద్దు. జవాబు పక్కన పెట్టుకుని లెక్క చేయడమంటే మళ్లీ చదవడమే. తప్పిన లెక్కను ఒక పుస్తకంలో రాసి, ఎక్కడ దారి తప్పారో ఒక్క వాక్యం జోడించి, మూడు రోజుల తర్వాత మళ్లీ మొదటినుంచి చేయండి. పాత ప్రశ్నపత్రాలు రెండో మూడో దొరికితే వాటిని చదివి వృథా చేసుకోకండి. గడియారం పెట్టుకుని పరీక్ష రాసినట్టే రాయండి.

వదిలేయాలా వద్దా అన్నది మనసు చెప్పే విషయం కాదు, లెక్క చెప్పే విషయం. సిలబస్ తీసి చూడండి. మొదటి మిడ్‌టర్మ్‌కు 20 శాతం ఉందనుకుంటే ఇప్పటికి పోయినవి మొత్తం మీద 10.8 మార్కులు, చేతిలో ఉన్నవి 9.2. మొత్తం 70 రావాలంటే మిగతా 80లో 60.8 తెచ్చుకోవాలి, అంటే సగటున 76 శాతం. మొత్తం 60 చాలనుకుంటే 63.5 శాతం సరిపోతుంది. మీ కోర్సు నిష్పత్తులతో ఇదే లెక్క వేసుకోండి. తర్వాత గడువుకు నాలుగు రోజుల ముందు, పైన చెప్పిన పద్ధతిలో పదిరోజులు పనిచేశాక, ఒక పాత పేపరు సమయం పెట్టుకుని రాసి కఠినంగా దిద్దుకోండి. మీకు కావలసిన శాతానికి అయిదారు మార్కుల దూరంలో ఉంటే కొనసాగండి. ఇంకా నలభైల్లోనే ఉంటే తప్పుకోవడంలో తప్పు లేదు.

కానీ తప్పుకుంటే ఏమవుతుందో ముందే తెలుసుకోండి. జెనెటిక్స్ మీద మాలిక్యులర్ బయాలజీ, దాని మీద ఇంకొన్ని కోర్సులు ఆధారపడి ఉంటాయి. ఏడాదికి ఒక్కసారే పెట్టే కోర్సు ఏదైనా ఆ గొలుసులో ఉంటే ఒక సెమిస్టర్ ఆలస్యం కాస్తా ఏడాది అవుతుంది. పూర్తికాల విద్యార్థికి ఉండాల్సిన కనీస క్రెడిట్ల కన్నా దిగిపోతే స్కాలర్‌షిప్‌కో హాస్టల్‌కో ముప్పు రావచ్చు. ట్రాన్స్‌స్క్రిప్ట్ మీద తప్పుకున్న గుర్తు ఒక్కటే ఉంటే ఎవరూ పెద్దగా పట్టించుకోరు. అలాంటివి వరసగా మూడు కనిపిస్తే అడుగుతారు. ఇవన్నీ అకడమిక్ అడ్వైజర్‌తో అరగంట కూర్చుంటే తేలిపోయేవే. గడువుకు ముందు రోజు మాత్రం వెళ్లకండి, ఆ రోజు అందరూ వస్తారు.

ఇక మిమ్మల్ని ఎవరూ ఎరగకపోవడం. 420 మంది కూర్చునే హాలులో మీ ముఖం గుర్తుండాలని ఆశించడం ప్రొఫెసర్‌కూ కష్టమే, మీకూ కష్టమే. పెద్ద విశ్వవిద్యాలయంలో పరిచయాలు పెద్ద హాలులో పుట్టవు. అదే కోర్సుకు ఇరవై పాతికమంది ఉండే డిస్కషన్ సెక్షన్ ఉంటుంది, ప్రాక్టికల్స్ సెక్షన్ ఉంటుంది. వాటిని నడిపే టీచింగ్ అసిస్టెంట్ ఒక పీహెచ్‌డీ విద్యార్థి. ఆమె రోజంతా గడిపేది ఏదో ఒక ల్యాబ్‌లోనే. ఏ ల్యాబ్‌లో మనుషులు కావాలో, ఏ ల్యాబ్‌లో పని నేర్పుతారో, ఎక్కడ పట్టించుకోరో ఆమెకు తెలిసినంత ఏ వెబ్‌సైట్‌కూ తెలియదు. ప్రాక్టికల్స్ అయ్యాక అయిదు నిమిషాలు ఆగి "మీరు దేనిమీద పనిచేస్తున్నారు?" అని అడగండి. మీ 34 ఈమెయిళ్లకన్నా ఈ ఒక్క ప్రశ్నకు విలువెక్కువ.

ప్రొఫెసర్ ఆఫీస్ అవర్స్‌కూ వెళ్లండి. ఖాళీ చేతులతో వెళ్లి "జెనెటిక్స్ అర్థం కావడం లేదు" అంటే ఆయనా ఏమీ చేయలేరు. సగం చేసిన లెక్క తీసుకెళ్లి "ఇక్కడిదాకా వచ్చాను, ఈ మెట్టు ఎందుకు కుదరడం లేదు?" అని అడగండి. పరీక్ష ముందు వారం ఆ గది కిటకిటలాడుతుంది, మామూలు వారాల్లో తరచూ ఖాళీగా ఉంటుంది. రెండు వారాలకోసారి అలా వెళితే సెమిస్టర్ చివరికి మీ పేరూ, మీరు ఆలోచించే తీరూ ఆయనకు తెలుస్తాయి.

ఈమెయిళ్లు ఎందుకు విఫలమయ్యాయంటే, ఒకే ఉత్తరం అందరికీ వెళ్లిందని మొదటి వాక్యంలోనే తెలిసిపోతుంది. అయిదుగురిని ఎంచుకోండి. ఒక్కొక్కరి ఇటీవలి పరిశోధనా పత్రం ఒకటి తీసి సారాంశం, మొదటి చిత్రం, చివరి రెండు పేరాలు చదవండి. మొత్తం అర్థం కానక్కర్లేదు. ఉత్తరం 150 పదాలు దాటకూడదు: మీరెవరు, ఆ పత్రంలో ఏ ఫలితం మిమ్మల్ని ఆపింది, దానిమీద మీకొచ్చిన ఒక ప్రశ్న, వారంలో ఏయే రోజుల్లో ఏయే గంటలు ఖాళీ, కనీసం ఎన్ని సెమిస్టర్లు ఉండగలరు. ఒక పేజీ రెజ్యూమే, మార్కుల జాబితా జతచేయండి. 46 గురించి ఉత్తరంలో సంజాయిషీ వద్దు, అడిగితే ఉన్నదున్నట్టు చెప్పండి. పది రోజులకు జవాబు లేకపోతే ఒక్కసారి గుర్తుచేయండి. అప్పటికీ రాకపోతే వదిలేయండి, అది మీమీద తీర్పు కాదు.

ఇంకో సంగతి. మీరు బహుశా బయాలజీ విభాగం పేజీలోనే వెతికి ఉంటారు. ఇలాంటి విశ్వవిద్యాలయాల్లో జీవశాస్త్రం ఒక్కచోట ఉండదు. కీటకశాస్త్రం, మొక్కల తెగుళ్లు, నేల సూక్ష్మజీవులు, అటవీశాస్త్రం, మత్స్యశాస్త్రం, పశువైద్యం, వైద్య కళాశాల పరిశోధనా విభాగాలు, హెర్బేరియం (ఎండబెట్టిన మొక్కల నమూనాల భాండారం), జంతు మ్యూజియం... అన్నింటిలోనూ ల్యాబ్‌లుంటాయి. పేరున్న క్యాన్సర్ ల్యాబ్‌కు వందమంది రాస్తే నెమటోడ్లనే సన్నని పురుగుల మీద పనిచేసే ఆచార్యుడికి ఇద్దరు రాస్తారు. పిపెట్ పట్టడం, కంట్రోల్ పెట్టడం, నోట్‌బుక్ రాయడం రెండు చోట్లా ఒకటే.

ల్యాబ్ ఎంచుకునేటప్పుడు అక్కడి జీవి వేగం మీ టైంటేబుల్‌కు సరిపోతుందో లేదో చూడండి. ఈ సంగతి ఎవరూ ముందుగా చెప్పరు. ఇ.కోలై అనుకూల పరిస్థితుల్లో ఇరవై నిమిషాలకు రెట్టింపవుతుంది, ఈస్ట్‌కు గంటన్నర పడుతుంది. డ్రోసోఫిలా ఈగకు 25 డిగ్రీల దగ్గర తరానికి దాదాపు పది రోజులు. సంకరణానికి ఆడ ఈగలను ప్యూపా గూటి నుంచి బయటికి వచ్చిన ఎనిమిది గంటల్లోపే, జతకట్టకముందే, వేరుచేయాలి కాబట్టి పొద్దునా సాయంత్రమూ వెళ్లక తప్పదు. అరబిడాప్సిస్ అనే చిన్న మొక్కకు విత్తు నుంచి విత్తుకు ఆరు నుంచి ఎనిమిది వారాలు, అంటే సెమిస్టర్‌కు రెండు తరాలు. ఎలుకకు గర్భం మూడు వారాలు, పిల్లను తల్లినుంచి వేరుచేయడానికి మరో మూడు వారాలు. అక్కడ సొంత ఫలితం చూడాలంటే ఏడాదిపైనే. డీఎన్ఏ పని చేసే ల్యాబ్ అయితే గంట గంట ఖాళీలు పనికిరావు. బ్యాక్టీరియాలోకి ప్లాస్మిడ్ ఎక్కించాలంటే మంచులో అరగంట, 42 డిగ్రీల్లో ముప్పై నలభై సెకన్లు, మళ్లీ మంచు, కోలుకోవడానికి గంట, ఆ తర్వాతే ప్లేటు మీద పరచడం. వచ్చే సెమిస్టర్ టైంటేబుల్ వేసుకునేటప్పుడే నాలుగేసి గంటల ఖాళీలు వారానికి రెండు ఉంచుకోండి.

సీసాలు కడిగే పని గురించి. జన్యుశాస్త్రవేత్త మోర్గాన్ ఈగల గదిలో కాల్విన్ బ్రిడ్జెస్ విద్యార్థిగా ఉండగా దొరికిన పని సీసాలు కడగడమే. కడగబోతున్న సీసా మందపాటి గాజులోంచి రంగు తేడాగా ఉన్న కళ్ల ఈగను పట్టుకున్నాడు. జన్యువులు క్రోమోజోముల మీదే ఉంటాయన్నదానికి గట్టి రుజువు 1916లో చూపించినదీ ఆయనే. మీరు చేస్తున్న మ్యాపింగ్ లెక్కకు మూలమైన మొదటి జన్యు మ్యాపు కూడా ఆ గదిలోనే పుట్టింది, స్టర్టెవెంట్ డిగ్రీ విద్యార్థిగా ఉండగా గీసిందది. అయితే ఇది విని వెంటనే ఒప్పుకోకండి. బ్రిడ్జెస్ కడిగిన సీసాలూ, ఈగలను చూసే మనుషులూ ఒకే గదిలో ఉన్నారు. మీకిచ్చే పని నేలమాళిగలోని వాషింగ్ రూములో ఒంటరిగానా, ల్యాబ్ మధ్యలోనా? వారపు ల్యాబ్ మీటింగ్‌కు రానిస్తారా? ఒక సెమిస్టర్ నమ్మకంగా చేస్తే తర్వాత ఎవరి పక్కనైనా కూర్చుని ప్రయోగం నేర్చుకునే వీలుందా? ఈ మూడూ అడగండి. మీటింగ్‌కు రానిస్తామని, నేర్చుకునే వీలుందని చెబితే తీసుకోండి. మూడింటికీ తప్పించుకునే జవాబులొస్తే అది వేతనం కోసం చేసే ఉద్యోగం మాత్రమే. డబ్బు అవసరమైతే చేయండి, పరిశోధన అనుకుని మాత్రం చేయకండి.

ఆ పనిని చిన్నచూపు కూడా చూడకండి. బ్యాక్టీరియా ప్లేట్లకు లీటరు మీడియాలో 10 గ్రాముల ట్రిప్టోన్, 5 గ్రాముల ఈస్ట్ ఎక్స్‌ట్రాక్ట్, 10 గ్రాముల ఉప్పు, గడ్డకట్టించే 15 గ్రాముల అగార్ వేసి, సీసాలో పైన మూడో వంతు ఖాళీ ఉంచి, మూత వదులుగా పెట్టి 121 డిగ్రీల దగ్గర ఆటోక్లేవ్ చేస్తారు (ఒత్తిడి ఆవిరితో సూక్ష్మజీవులను చంపుతారు). మూత బిగిస్తే సీసా పగులుతుంది. చల్లారి 50, 55 డిగ్రీలకు వచ్చాకే యాంపిసిలిన్ అనే యాంటీబయాటిక్ కలపాలి. వేడిమీద కలిపితే మందు చెడి, ప్లాస్మిడ్ లేని బ్యాక్టీరియా కూడా హాయిగా పెరుగుతుంది. మరీ చల్లారితే అగార్ గడ్డకట్టి ప్లేటంతా ఉండలు. సీసాలో డిటర్జెంట్ మిగిలితే కణాల కల్చర్లు చచ్చిపోతాయి. అలా ఎవరిదైనా నెల రోజుల ప్రయోగం పాడైతే కారణం వెతుక్కుంటూ అందరూ మీడియా దగ్గరికే వస్తారు. నమ్మకంగా చేసేవాళ్లను ల్యాబ్‌లో త్వరగానే గుర్తిస్తారు.

జెనెటిక్స్ వదలకుండా కొనసాగితే ఈ సెమిస్టర్ ఆరు గంటలకు మించి ల్యాబ్‌కు ఇవ్వకండి. వదిలేస్తే ఆ గంటలను పదికి పెంచుకోవచ్చు. రెండూ ఒకేసారి పెంచితే రెండో మిడ్‌టర్మ్ కూడా మొదటిదానిలాగే ముగుస్తుంది. కావాలంటే "ఈ మిడ్‌టర్మ్ అయ్యాక చేరతాను" అని అడిగి చూడండి, చాలా ల్యాబ్‌లు మూడు వారాలు ఆగుతాయి.

కాలేజీ మారడాన్ని కొట్టిపారేయను. చిన్నచోట ప్రాక్టికల్స్ సెక్షన్ కూడా ప్రొఫెసరే నడుపుతారు, తప్పు చేస్తుంటే అక్కడికక్కడే ఆపుతారు. మీవంటి కొందరికి అది చాలా మేలు. పోయేవి కూడా చూసుకోండి: పూర్తయిన కోర్సుల్లో కొన్నిటిని కొత్తచోట ఒప్పుకోకపోవచ్చు. కాన్‌ఫోకల్ మైక్రోస్కోపు, ఫ్లో సైటోమీటర్, సీక్వెన్సింగ్ వంటి ఉమ్మడి సదుపాయాలు, పాతిక రకాల ఐచ్ఛిక కోర్సులు అక్కడ ఉండకపోవచ్చు. జెనెటిక్స్ ఫలితం వచ్చి, ఒక సెమిస్టరైనా ఏదో ల్యాబ్‌లో గడిపాక కూడా మీకు మారాలనే ఉంటే అప్పుడు మారండి. ఇప్పుడే మారితే మాత్రం ఈ 46 నుంచి పారిపోయినట్టే అవుతుంది. దరఖాస్తు గడువు ఎప్పుడో కనుక్కుని రాసిపెట్టుకోండి, చాలు.

సిఫారసు లేఖల సంగతి చివరికి ఉంచాను, ఎందుకంటే మీరు భయపడుతున్నంత కొరత లేదు. "నా క్లాసులో ఇన్ని మార్కులు వచ్చాయి" అని మాత్రమే రాయగల ప్రొఫెసర్ లేఖకు బరువుండదు. రెండు సెమిస్టర్లు మీ పని చూసిన ల్యాబ్ అధిపతి రాసే లేఖకే విలువ. మిమ్మల్ని రోజూ చూసిన పీహెచ్‌డీ విద్యార్థి వివరాలిస్తే ఆ లేఖ ఇంకా బాగుంటుంది. రెండో లేఖకు జెనెటిక్స్ ప్రొఫెసరే సరైన మనిషి కావచ్చు: 46తో మొదలుపెట్టి, సగం చేసిన లెక్కలతో ప్రతి రెండు వారాలకూ వచ్చి, చివరి పరీక్షలో 78 తెచ్చుకున్న విద్యార్థి గురించి రాయడానికి ఆయనకు చాలానే ఉంటుంది. అడిగేటప్పుడు కనీసం నెల ముందు అడగండి. మీ రెజ్యూమే, ఆ కోర్సులో మీరు దిద్దుకున్న తప్పుల పుస్తకంలోంచి రెండు పేజీలు, దేనికి దరఖాస్తు చేస్తున్నారో ఒక పేరా కలిపి ఇవ్వండి.